తాటాకు మీద మన పేరు: నాడీ జ్యోతిషంలో కలిసిపోయిన మూడు సంగతులు

నాడి అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. వైద్యుడు చేయి పట్టుకొని చూసేది నాడి. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అష్టకూటాల్లో చివరిదీ, ఎనిమిది గుణాలు గలదీ నాడీకూటమి. ఆద్య, మధ్య, అంత్య నాడుల్లో వధూవరులిద్దరిదీ ఒకటే అయితే సిద్ధాంతిగారు పెదవి విరుస్తారు. సూర్యసిద్ధాంతం చెప్పే కాలమానంలో నాడి అంటే ఘడియ, అంటే 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు వినాడి, మనం విఘడియ అనేది, 24 సెకన్లు. వీటన్నిటితో పాటు, ఎప్పుడో తాళపత్రాల మీద రాసిపెట్టి ఉన్న జాతకాన్ని వెతికి తీసి చదివే పద్ధతికి కూడా నాడీ జ్యోతిషమనే పేరు. తమిళంలో ‘నాడి’ అంటే కోరి, వెతుక్కుంటూ అనే అర్థం కూడా ఉంది కనుక, మనిషి తన ఆకును వెతుక్కుంటూ వస్తాడు కాబట్టి ఇది నాడి అయిందని అక్కడి నాడీ చదువరులు చెబుతారు. చెవికి ఇంపుగా ఉండే వివరణే గాని, కాలమానంతో ముడిపడిన అర్థమే అసలుదని నేననుకుంటున్నాను. ఎందుకన్నది ముందు ముందు తేలుతుంది.

తాళపత్ర జ్యోతిషం గురించి జరిగే వాదనల్లో నమ్మేవారూ నమ్మనివారూ తరచుగా ఒకరు చెప్పేదొకటి, మరొకరు వినేదొకటిగా మాట్లాడుకుంటారు. దీనికి కారణం ఆ పేరు కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉండటమే. మొదటిది తాళపత్రం అనే వస్తువు: శతాబ్దాల పాటు ఈ దేశంలో పుస్తకమంటే అదే. రెండోది నాడీ గ్రంథాలు అనే శాస్త్ర సాహిత్యం: లగ్నాన్ని, అంటే పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశిని, అతి చిన్న భాగాలుగా విడగొట్టి ఫలితాలు చెప్పే శ్లోకాలు, పద్యాలు. మూడోది తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్ వంటి చోట్ల జరిగే పఠనం: బొటనవేలి ముద్ర తీసుకొని, వచ్చిన మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు చెబుతూ చదివే ప్రక్రియ. మొదటి రెండూ ఉన్నాయనడానికి సాక్ష్యం గ్రంథాలయాల్లో ఉంది. ఆ సాక్ష్యాన్ని తీసుకెళ్లి మూడోదానికి ఆధారంగా చూపించడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

ఆకుతో మొదలుపెడదాం. దక్షిణాదిన రాతకు వాడింది ప్రధానంగా తాటాకు, శ్రీతాళపు ఆకు. ఆకును ఈనె నుంచి వేరు చేసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, సమానమైన కొలతకు కత్తిరించేవారు. ఇనుప గంటంతో అక్షరాన్ని గీరి, ఆ గీతల్లో మసి పూసి తుడిస్తే, మసి గాట్లలో నిలిచి అక్షరం నల్లగా పైకి కనిపిస్తుంది. రంధ్రాలు పొడిచి, తాడు దూర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కట్టేవారు. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి కూడా ఆకే కారణమని సాధారణంగా చెబుతారు. ఈనెల వెంబడి అడ్డంగా గీత లాగితే ఆకు చీలుతుంది.

ఇంత శ్రమపడి తయారుచేసినా మన తేమలో, చెదల మధ్య తాటాకు ఎక్కువ కాలం నిలవదు. నేపాల్ వంటి చల్లని ప్రాంతంలో తొమ్మిదో శతాబ్దపు తాళపత్రాలు దక్కాయి గాని, దక్షిణాదిన ఈరోజు మనకున్నవాటిలో అత్యధికం గత నాలుగు వందల ఏళ్లలోపు రాసినవే. అందుకే ప్రతి గ్రంథాన్నీ మళ్లీ మళ్లీ నకలు తీస్తూ పోవలసి వచ్చింది. తమిళనాట పాడైపోయిన తాటాకు గ్రంథాలను ఆడి మాసం పద్దెనిమిదో రోజున కావేరిలో వదిలే ఆచారం ఉండేది. ప్రాచీన తమిళ కావ్యాల కోసం ఊరూరా తిరిగిన ఉ. వే. స్వామినాథ అయ్యర్ (1855–1942) ఈ ఆచారం వల్ల పోయినవాటిని తలచుకొని బాధపడ్డారు.

కాబట్టి ‘అగస్త్యుడు రాసిన ఆకు’ అని ఎవరైనా అంటే, ఆ మాటను ఆయన చేతిరాతగా పరంపరలోని వారు కూడా తీసుకోరు. ఋషి చెప్పాడు, శిష్యులు రాశారు, తరతరాలుగా నకళ్లు తీశారు అని వారు చెబుతారు. ఈ మాటలో అసంభవమేమీ లేదు. మహాభారతం మన దాకా వచ్చిందీ అలాగే. అయితే నకలు ద్వారా వచ్చిన గ్రంథానికి ఒక పరీక్ష ఉంది. వేర్వేరు చోట్ల దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు చూస్తారు. ఎక్కడ చేర్పు జరిగిందో, ఏది పాతదో, ఏది లేఖకుడి పొరపాటో అప్పుడు బయటపడుతుంది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో మానవల్లి రామకృష్ణకవి వెలికితీసి 1909లో ప్రకటించిన నన్నెచోడుడి కుమారసంభవాన్ని గుర్తు తెచ్చుకోండి. ఆ కవి నన్నయకు ముందువాడా, తరవాతివాడా అన్నది మొదలుకొని కావ్యం ప్రామాణికత దాకా తెలుగు పండితులు దశాబ్దాల పాటు తగవులాడారు. తాటాకు మీద దొరికింది కదా అని ఎవరూ ఊరుకోలేదు. ఒక కావ్యం విషయంలో మనం చూపిన ఆ పట్టుదలను మన పేరు, మన ఆయుర్దాయం రాసి ఉన్నాయని చెప్పే ఆకు విషయంలో ఎందుకు చూపించమో నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

తంజావూరు పేరు నాడీ చదువరుల నోట కూడా తరచుగా వస్తుంది. నాయక రాజులు, తరువాత మరాఠా రాజులు, ముఖ్యంగా 1798 నుంచి 1832 వరకు పాలించిన రెండో శరభోజి, పోషించి పెంచిన ఆ గ్రంథాలయంలో నాడీ ఆకులు ఉండేవనీ, ఆంగ్లేయుల కాలంలో వైద్యం, రసవిద్య వంటి వాటిని వారు ఉంచుకొని మిగిలినవి వేలం వేస్తే తమ పూర్వికులు కొన్నారనీ వారి కథనం. సరస్వతీ మహల్ చరిత్ర మాత్రం బాగా నమోదైనది: 1918లో ప్రజలకు తెరిచారు, తమిళ, సంస్కృత, మరాఠీ, తెలుగు ప్రతులకు వివరణాత్మక సూచికలు అచ్చయ్యాయి. వేలం కథ తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. గ్రంథాలయపు చరిత్ర కాగితాల్లో ఉన్న మాట. రెండూ ఒకే వాక్యంలో వచ్చేసరికి మొదటిదానికి కూడా రెండోదాని బరువు వచ్చేస్తుంది.

ఇక రెండో సంగతి, నాడీ గ్రంథాలు. వీటి గురించి బయట తక్కువగా మాట్లాడుకుంటారు గాని, జ్యోతిష చరిత్రలో ఆసక్తికరమైనవి ఇవే. మామూలు జాతక పద్ధతిలో ముప్ఫై డిగ్రీల రాశిని తొమ్మిది భాగాలు చేస్తే నవాంశ వస్తుంది. కవలల జాతకాలు వేరువేరుగా ఎందుకుంటాయన్న ప్రశ్నకు నవాంశ చాలదు. నాడీ గ్రంథకర్తలు అదే రాశిని 150 భాగాలు చేశారు. ఒక్కో భాగం, అంటే నాడ్యంశ, డిగ్రీలో అయిదో వంతు. తూర్పున ఒక రాశి ఉదయించడానికి సగటున రెండు గంటలు పడుతుంది కనుక, ఒక నాడ్యంశ దాటడానికి పట్టే కాలం సుమారు 48 సెకన్లు, అంటే రెండు విఘడియలు. దాన్ని మళ్లీ పూర్వ, ఉత్తర భాగాలుగా చీలిస్తే ఒక్కొక్కటి సరిగ్గా ఒక విఘడియ. నాడి అనే పేరు కాలమానం నుంచి వచ్చిందని నేననుకోవడానికి కారణం ఈ లెక్కే. వసుధ, వైష్ణవి, బ్రాహ్మి, కాలకూట అంటూ ఆ 150 అంశలకూ పేర్లున్నాయి. రాశులు చర, స్థిర, ద్విస్వభావ అని మూడు రకాలు: చర రాశుల్లో మొదటి నుంచి చివరికి, స్థిర రాశుల్లో చివరి నుంచి మొదటికి, ద్విస్వభావ రాశుల్లో నడిమి నుంచి లెక్క సాగుతుంది. దేవకేరళం లేదా చంద్రకళా నాడి అనే సంస్కృత గ్రంథాన్నీ, పార్వతికి ఋషులు చెబుతున్నట్లుగా సాగే తమిళ సప్తర్షి నాడినీ మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇరవయ్యో శతాబ్దంలో అచ్చువేసింది. ఎవరైనా తీసి చదువుకోవచ్చు.

చదివితే తెలిసేదేమిటంటే, వీటిలో మనుషుల పేర్లు వెతికే పని లేదు. ‘ఫలానా అంశలో పుట్టినవాడికి తండ్రి ఇటువంటివాడు, ఫలానా దశలో ఫలానా కష్టం’ అని నమూనాలుగా ఉంటుంది. ఫలితం నిజమవుతుందా కాదా అన్నది వేరే ప్రశ్న. గ్రంథం మాత్రం బహిరంగం, లెక్క బహిరంగం. ఒక పుట్టిన సమయం ఇస్తే, లెక్క వేసే ఏ ఇద్దరైనా ఒకే అంశ దగ్గరికి చేరతారు. వేలిముద్ర అక్కర్లేదు.

ఈ గ్రంథాల కాలం గురించి ఒక్క మాట. వేదాంగ జ్యోతిషంలో ఇరవై ఏడు నక్షత్రాలు, అయిదేళ్ల యుగం కనిపిస్తాయి గాని మేషం, వృషభం వంటి రాశులు లేవు. రాశులు, లగ్నం, పన్నెండు భావాలతో (జాతక చక్రంలోని ఇళ్లతో) కూడిన జాతక పద్ధతి గ్రీకు సంపర్కం తరువాత ఇక్కడ రూపుదిద్దుకుంది. హోర, కేంద్రం, పణఫరం, ఆపోక్లిమం వంటి పారిభాషిక పదాలు గ్రీకు నుంచి వచ్చినవే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు యవనుల జ్యోతిష జ్ఞానాన్ని దాపరికం లేకుండా మెచ్చుకున్నాడు. కాబట్టి పన్నెండు భావాల చట్రం మీద కట్టిన ఏ గ్రంథమైనా, దానికి ఎవరి పేరు పెట్టినా, ఆ చట్రం వచ్చాక రాసినదే అయి తీరాలి. అగస్త్యుడు, భృగువు, వసిష్ఠుడు, కౌశికుడు, శుకుడు, కాకభుజందరు అన్న పేర్లు పరంపరకు పెట్టుకున్న గుర్తులు. తమిళ సిద్ధవైద్యంలో అగస్త్యుడి పేరు మీద ఉన్న పుస్తకాల్లో చాలావాటి భాష సంగ కాలపు తమిళం కంటే ఎన్నో శతాబ్దాల తరువాతిది. దీన్ని మోసం అనడం తొందరపాటు; తన పేరు దాచుకొని గురువు పేరు పెట్టడం మన రచనా సంప్రదాయంలో వినయం.

మూడో సంగతికి వస్తే, దాని కేంద్రం మయిలాడుదురై, శీర్కాళి పట్టణాల మధ్య ఉన్న వైదీశ్వరన్ కోయిల్. రోగాలు మాన్పే వైద్యనాథుడిగా శివుడు వెలసిన క్షేత్రం, నవగ్రహ స్థలాల్లో అంగారకుడిది. తమిళనాట పరంపరగా జ్యోతిషం వృత్తిగా ఉన్న వళ్ళువర్ సముదాయం వారు ఈ పఠనంలో ప్రముఖులు. పద్ధతి ఇది. మగవారి కుడి బొటనవేలి ముద్ర, ఆడవారి ఎడమ బొటనవేలి ముద్ర తీసుకుంటారు. శంఖం, చక్రం వంటి గుర్తులను బట్టి ఆ ముద్రను 108 రకాల్లో ఒకటిగా నిర్ణయించి, ఆ రకానికి చెందిన కట్టలు తెస్తారు. తరువాత ఒక్కో ఆకు తీసి, ‘మీరు తల్లిదండ్రులకు రెండో సంతానమా’, ‘తండ్రి పేరులో దేవుడి పేరుందా’ అంటూ అడుగుతూ పోతారు. కాదంటే ఆ ఆకు పక్కకు పోతుంది. అన్నిటికీ అవునని వచ్చిన ఆకు మీ ఆకు. అప్పుడు అందులోంచి మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జీవిత భాగస్వామి పేరు రాగయుక్తంగా చదివి, ఒక నోటుపుస్తకంలో రాసి ఇస్తారు. తెలుగువారు వెళితే మధ్యలో తెలుగులో చెప్పే మనిషి కూడా ఉంటాడు.

ఈ పఠనం కాండాలుగా, అంటే అధ్యాయాలుగా సాగుతుంది. మొదటి కాండం జీవితం మొత్తానికి సారాంశం. రెండోది కుటుంబం, ధనం, విద్య, మూడోది తోబుట్టువులు, నాలుగోది తల్లి, ఇల్లు, వాహనం, అయిదోది సంతానం, ఆరోది రోగం, రుణం, శత్రువులు, ఏడోది వివాహం. పన్నెండో కాండం దాకా ఇలా జాతక చక్రంలోని పన్నెండు భావాల వరుసే నడుస్తుంది. ఆపైన శాంతి, దీక్ష, ఔషధం, దశాభుక్తి కాండాలు. మామూలుగా మొదట సారాంశ కాండం చదివి, మిగిలినవి కోరినవారికి విడివిడిగా, విడి రుసుముతో చదువుతారు.

ఇక్కడ లెక్క ఒకటి వేసి చూడాలి. 140 కోట్ల జనాన్ని 108 రకాలుగా విడగొడితే ఒక్కో రకం కింద సుమారు కోటీ ముప్ఫై లక్షల మంది వస్తారు. అందరికీ ఆకులుంటే ఆ కట్టలు ఏ భవనంలోనూ పట్టవు. పరంపర దీనికి సిద్ధంగా ఉంచుకున్న జవాబు, రాసిపెట్టి ఉన్న వారికే ఆకు ఉంటుంది, వారే వస్తారు, ఫలానా వయసులోనే వస్తారు అని. తర్కపరంగా ఇది తెలివైన జవాబు: ఆకు దొరికితే ఋషి చెప్పింది నిజం, దొరకకపోతే ఇంకా సమయం రాలేదు. ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతం చెక్కుచెదరదు. దాన్ని పరీక్షించడం కుదరకపోవడానికి కారణం కూడా అదే.

అవును, కాదు అన్న ప్రశ్నల సంగతి ఇంకా ఆసక్తికరం. ఒక్కో ప్రశ్నకూ వచ్చే జవాబు అవకాశాలను సగానికి తగ్గించగలిగితే, ఇరవై ప్రశ్నలతో పది లక్షల అవకాశాల్లోంచి ఒక్కదాన్ని పట్టుకోవచ్చు. పఠనం గంటకు పైగా సాగితే ఇరవై ప్రశ్నలు చాలా తక్కువ. ‘కాదు’ అని వచ్చినవి పక్కకు పెట్టిన ఆకుతో పాటు మరుపులోకి పోతాయి. ‘అవును’ అన్నవే ఇంటికి వచ్చాక చెప్పుకుంటాం. దీనికి తోడు, అందరికీ వర్తించే మాటలను మన ఒక్కరికే చెప్పినట్లు తీసుకునే స్వభావం మనకుంది. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒకే స్వభావ వర్ణనను, ఇది నీ గురించి ప్రత్యేకంగా తయారుచేసిందని చెప్పి ఇస్తే, వారు దాని ఖచ్చితత్వానికి అయిదుకు సగటున 4.26 మార్కులు వేశారు. ఇందువల్ల ప్రతి చదువరీ కావాలని బుట్టలో వేస్తున్నాడని తేలదు. తరాలుగా నేర్చుకున్న పద్ధతిలోనే ప్రశ్నలు వేసే అలవాటు ఇమిడి ఉన్నప్పుడు, అడిగేవాడికి కూడా తాను సమాచారం రాబడుతున్నానన్న స్పృహ ఉండకపోవచ్చు.

లిపి గురించి చెప్పే మాట కూడా విప్పి చూడాలి. ఆకుల మీద ఉన్నది వట్టెళుత్తు అనీ, అందుకే ఇతరులు చదవలేరనీ అంటారు. వట్టెళుత్తు పాండ్య, కేరళ ప్రాంతాల్లో ఎక్కువగా వాడిన లిపి. చోళుల నడిగడ్డ అయిన కావేరీ తీరంలో తమిళ లిపిదే రాజ్యం. అయితే ఆకును చదవలేకపోవడానికి వట్టెళుత్తే కానక్కర్లేదు. పాత తమిళ తాళపత్రాల్లో పొల్లు చుక్క పెట్టరు, ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు, పదాల మధ్య ఖాళీ వదలరు. దీర్ఘ హ్రస్వాలకు ఈనాటి తేడా స్థిరపడటంలో పద్దెనిమిదో శతాబ్దపు మతబోధకుడు బెస్కి పాత్ర ఉంది. అలవాటు లేని తమిళుడికే ఆ రాత కొరుకుడు పడదు. అలవాటున్నవాడు, ఉదాహరణకు తాళపత్ర శాస్త్రంలో శిక్షణ పొందిన పండితుడు, మాత్రం చదవగలడు. ఆ రాతను చదవగలిగేది ఒక్క వృత్తివారేనన్న మాట నిలవదు.

నమ్మకం లోపలి నుంచి చూసినా ఒక ప్రశ్న ఉంది. అంతా ముందే రాసి ఉంటే శాంతి కాండం ఎందుకు? పన్నెండు కాండాల్లో తలరాత చెప్పి, పదమూడో కాండంలో దాన్ని సడలించే దానాలు, క్షేత్ర దర్శనాలు, దీపాలు చెప్పడం పొసగదు కదా. జ్యోతిష శాస్త్రకారులు దీనికి కర్మను దృఢం, అదృఢం, దృఢాదృఢం అని మూడుగా విభజించి సమాధానం చెప్పారు: మొదటిది అనుభవించి తీరాలి, రెండోది పరిహారంతో పోతుంది, మూడోది గట్టి ప్రయత్నంతో తగ్గుతుంది. సిద్ధాంతంగా ఇది పొందికైనదే. కాని తన కష్టం ఏ రకం కర్మో వచ్చినవాడికి తెలిసే మార్గం లేదు. కనుక ఆచరణలో అన్నీ పరిహారం దారిలోనే నడుస్తాయి. ఇక ఔషధ కాండం విని, జరుగుతున్న చికిత్స ఆపినవారికి జరిగే నష్టం కర్మ విభాగంతో పూడేది కాదు.

పోలిక కోసం మన దగ్గరి తాళపత్ర భవిష్యవాణిని చూస్తే తేడా బాగా తెలుస్తుంది. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం కూడా తాటాకుల మీద రాసిందే. బనగానపల్లెలో పాతిపెట్టిన ప్రతుల మీద చింతచెట్టు మొలిచిందని మన ఐతిహ్యం. కాని కాలజ్ఞానం లోకానికి ఏమవుతుందో చెబుతుందే గాని, ఫలానా ఇంటి ఫలానా మనిషి గురించి చెప్పదు. ఒడిశాలో తాటాకు మీద జాతకం గంటంతో రాయించే ఆచారం ఇటీవలి దాకా బలంగా ఉంది. అది బిడ్డ పుట్టాక, పుట్టిన సమయాన్ని బట్టి రాసేది. పంజాబ్‌లోని హోషియార్‌పూర్ పేరు మోసిన భృగు సంహిత నాడికి దగ్గరి చుట్టమే, ముందే రాసిపెట్టి ఉన్నదన్న నమ్మకం అక్కడా ఉంది. అయితే అక్కడ వెతుకులాట జన్మకుండలితో మొదలవుతుంది. పుట్టకముందే రాసిన జాతకం, అదీ పేరుతో సహా, అదీ వేలిముద్రతో దొరికేది: ఈ మూడూ కలిసింది తమిళనాటి నాడీ పఠనంలోనే.

జాతక ఫలితాలను గణాంకాలతో పరీక్షించిన ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పోరాడిన నరేంద్ర దభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో చురుకైన విద్యార్థులవి, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి కలిపి 200 జాతకాలు సేకరించి, ఒక్కో జ్యోతిషుడికి నలభై చొప్పున ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగా చెప్పారు. నాణెం ఎగరేసినా యాభై శాతం వస్తుంది. ఇది కుండలి జ్యోతిషానికి పెట్టిన పరీక్ష, నాడికి కాదు. నాడికి అయితే పరీక్ష ఇంకా తేలిక. ఒక్క ప్రశ్నకు కూడా జవాబు చెప్పని మనిషి వేలిముద్రతో ఆకు తీయించడం, తీసిన ఆకును ఫొటో తీసి సంబంధం లేని ఇద్దరు తమిళ లిపి పండితుల చేత విడివిడిగా చదివించడం, అదే మనిషిని వేరే ఊరిలోని మరో చదువరి దగ్గరికి పంపి ఆ రెండు ఆకులనూ పోల్చడం. ఈ మూడింటికీ ప్రయోగశాల అక్కర్లేదు. ఆకు వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష మాత్రం ఇక్కడ అంతగా ఉపయోగపడదు. అది ఆకు ఎప్పటిదో చెబుతుంది గాని దాని మీద అక్షరం ఎప్పటిదో చెప్పదు, పైగా 1650 తరువాతి వస్తువుల విషయంలో అది చెప్పే కాలం రెండు మూడు శతాబ్దాల మధ్య ఊగిసలాడుతుంది.

పఠనం ముగిశాక వచ్చినవారు తీసుకెళ్లేది నోటుపుస్తకం. ఒకప్పుడు క్యాసెట్, ఇప్పుడు ఫోన్‌లో ఆడియో. అందులో ఉండేది చదువరి గొంతు, ఆయన చేసిన వ్యాఖ్యానం, తెలుగువారికైతే దాని మీద మరొకరు చేసిన అనువాదం. అచ్చంగా ఆకు మీద ఏముందో పోల్చి చూడటానికి కావలసిన ఆ ఒక్క వస్తువు మాత్రం తాడు చుట్టుకొని తన కట్టలోకి తిరిగి వెళ్తుంది.